చిన్న ఎస్.యు.వి. కారా, ప్లగిన్ హైబ్రిడ్ కారా?
(కారు కొనువారి కొక లెక్కపాఠము)

మన కృష్ణా డెల్టాయందు గృహస్థునకు ఇల్లు కట్టుట, పిల్లల చదువు, వివాహములు అను మూటి తరువాత నెక్కువ ధనము వ్యయమగునది కారు కొనుటయే. పూర్వము మన తాతలు ఎడ్లజతను కొనుటకు సంతకు బోయినపుడు పండ్లు చూచి, సుడులు చూచి, నడక చూచి, కాడి కట్టించి దున్నించి చూచినగాని బేరమునకు దిగెడివారు కారు. నేడు అంతకు అనేక రెట్లు వెలగల కారును రంగు చూచియు, పొరుగువారిని చూచియు కొనువారు తఱుచుగా గానవచ్చుచున్నారు. కావున ఈ యేటి సంచికలో విద్యార్థుల కుపయోగించునట్లు ఈ విషయమును పాఠముగా వ్రాయ నుద్దేశించితిమి. దీనిలో కొంత భౌతికశాస్త్రమును, కొంత గణితమును, కొంత లోకజ్ఞానమును గలవు.

ఈ విషయము మా మనస్సునకు దట్టుటకు ఒక కారణము కలదు. మా పదవ తరగతి విద్యార్థి యొకని గృహము విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతమున నున్నది. వారి పొలము గుడివాడ సమీపమున గలదు. 2024 సెప్టెంబరు నెల వఱదలలో వారి పాత కారు మునిగి పనికిరాకపోయెను. మఱియొక కారు కొనవలసివచ్చినపుడు తండ్రి చవుకయైన చిన్న ఎస్.యు.వి.ని కొనదలచెను. అమెరికాలో నుద్యోగము చేయుచున్న పెద్దకుమారుడు మాత్రము, "నాన్నగారూ, నేనిక్కడ ప్లగిన్ హైబ్రిడ్ కారు నడుపుచున్నాను. పెట్రోలు బంకు మొగము చూచి నెలయైనది. వెల యెక్కువైనను అదియే కొనుడు" అని చెప్పెను. ఆ యధికమైన వెలకు సొమ్మెచ్చటిది? పెద్దకుమార్తె ఇంజనీరింగు చదువునకై బ్యాంకులో దాచినది తీయవలెను. చాలనిది అప్పు చేయవలెను. ఆ బాలుడు మా యొద్దకు వచ్చి, "మాస్టారూ, ఏది మంచిది? మా అన్నయ్య చెప్పినదా, మా నాన్నగారు చెప్పినదా?" అని యడిగెను. మేము వెంటనే యుత్తర మీయక, ఆ ప్రశ్నను తరగతియంతటికిని లెక్కగా నిచ్చితిమి. ఆ లెక్కయే ఈ వ్యాసము.

1. రెండు బండ్ల స్వరూపము

ముందుగా ఈ రెండును ఎట్టివో తెలిసికొందము. ఎస్.యు.వి. యనగా కొండదారులకును బురదదారులకును ఏర్పడిన జీపు ఆకారమును గైకొని, ఊళ్లలో తిరుగుటకు వీలగునట్లు చేయబడిన కారు. మన దేశమున నాలుగు మీటర్ల పొడవునకు లోబడిన వానిని చిన్న ఎస్.యు.వి. లనుచున్నారు. 2013లో ఫోర్డు ఎకోస్పోర్టు, 2016లో మారుతి విటారా బ్రెజా, 2017లో టాటా నెక్సాన్, 2019లో హ్యుండయి వెన్యూ, 2020లో కియా సోనెట్ ఈ జాతిలో మన బజారునకు వచ్చినవి. వీనిలో సోనెట్ మన రాష్ట్రముననే, పెనుకొండ సమీపముననున్న కర్మాగారమున తయారైనది.

ఈ జాతి పుట్టుటకు మన పన్నుల చట్టమే ముఖ్యకారణము. నాలుగు మీటర్లకు మించక, పెట్రోలు యంత్రము 1200 ఘనసెంటీమీటర్లకును, డీజిలు యంత్రము 1500 ఘనసెంటీమీటర్లకును మించనిచో పన్ను తక్కువ. 2025 సెప్టెంబరు 22 నుండి అట్టి కార్లపై జి.ఎస్.టి. నూటికి 18 వంతున నిర్ణయింపబడెను. ఆ కొలతలను మించిన వానిపై నూటికి 40. కేవలము విద్యుత్తుతో నడచు కార్లపై నూటికి 5 మాత్రమే. హైబ్రిడ్ కారునందు విద్యుత్తు కొంత యున్నను, దానిలో పెట్రోలు యంత్రమును గలదు గనుక ఈ 5 వంతుల లాభము దానికి లేదు. విద్యార్థులు ఈ మాటను గుర్తుంచుకొనవలెను. ఏలయన వెలలోని భేదమునకు యంత్రమెంత కారణమో పన్నును అంత కారణము.

ఇక హైబ్రిడ్ అనగా రెండు శక్తులు గల బండి. ఒకటి పెట్రోలు యంత్రము, రెండవది బ్యాటరీతో నడచు విద్యుత్ మోటారు. ఈ యూహ క్రొత్తది కాదు. 1900 ప్రాంతముననే ఫెర్డినాండ్ పోర్షే అను నిపుణుడు అట్టి బండిని నిర్మించెను. కాని విరివిగా అమ్ముడుపోయిన మొదటి హైబ్రిడ్ 1997లో జపానులో వెలువడిన టయోటా ప్రియస్. ఈ బండియందు బ్రేకు నొక్కినపుడు వేడిగా మాఱి వృథాయగు శక్తిలో కొంత భాగము మఱల విద్యుత్తుగా మాఱి బ్యాటరీలో చేరును. పెట్రోలు యంత్రము పెట్రోలులోని శక్తిలో చాలభాగమును వేడిగా పోగొట్టును. విద్యుత్ మోటారో, తనకు చేరినదానిలో చాలభాగమును పనిగా మార్చును. కావుననే బెంజిసర్కిలు వంటి రద్దీచోట్ల, నిలుచుచు కదలుచు పోవలసిన వేళలందు, హైబ్రిడ్ బండి పెట్రోలును మిక్కిలి పొదుపుగా వాడును.

సాధారణ హైబ్రిడ్డునకు బయటి కరెంటు అవసరము లేదు. ప్లగిన్ హైబ్రిడ్డునకు పెద్ద బ్యాటరీ యుండును. దానిని ఇంటిలోని ప్లగ్గునకు తగిలించి నింపుకొనవలెను. ఆ నింపుడుతో కొన్ని పదుల కిలోమీటర్లు పెట్రోలు చుక్కయైనను ముట్టక పోవచ్చును. అటుతరువాత పెట్రోలు యంత్రము పనిచేయును. ఈ రకపు కారును మొదట విరివిగా తయారుచేసి అమ్మినది చైనా దేశపు బి.వై.డి. సంస్థ, 2008లో. 2010లో అమెరికాలో షెవ్రొలే వోల్టు వచ్చెను. మన దేశమునకు ఈ జాతి శ్రీమంతుల కారుగా వచ్చినది. 2016లో వచ్చిన వోల్వో ఎక్స్‌సి 90 ప్లగిన్ హైబ్రిడ్ వెల కోటి రూపాయలకు మించియుండెను. గ్రాండ్ విటారా, హైరైడర్, ఇన్నోవా హైక్రాస్ అను పేళ్లతో 2022లో మన వీధులకు వచ్చిన హైబ్రిడ్లు ప్లగ్గు లేనివి. కొందఱు ఈ రెండింటిని ఒకటిగా తలచి పొరపడుచున్నారు.

2. వెలయు, వడ్డీయు

ఇపుడు లెక్కకు వత్తము. ఈ క్రింది ధరలు లెక్కకొఱకు మేము గైకొన్నవేగాని బజారు ధరలు కావు. విద్యార్థులు తమ యూరి ధరలను వీని స్థానమున నుంచి మఱల చేసికొనవచ్చును.

చిన్న ఎస్.యు.వి. వెల 10 లక్షలు. ప్లగిన్ హైబ్రిడ్ వెల 22 లక్షలు. సంవత్సరమునకు నడచు దూరము 12,000 కిలోమీటర్లు. పెట్రోలు లీటరు 110 రూపాయలు. కరెంటు యూనిట్ 9 రూపాయలు.

చిన్న ఎస్.యు.వి. లీటరునకు 15 కిలోమీటర్లు నడచునేని, ఏడాదికి 800 లీటర్లు కావలెను. ఖర్చు 88,000 రూపాయలు.

ప్లగిన్ హైబ్రిడ్ పయనములో నూటికి 60 వంతులు కరెంటుతో జరుగునని యెంచుదము. అనగా 7,200 కిలోమీటర్లు. యూనిట్‌కు 5 కిలోమీటర్ల వంతున 1,440 యూనిట్లు; ఖర్చు 12,960 రూపాయలు. మిగిలిన 4,800 కిలోమీటర్లు లీటరునకు 20 వంతున 240 లీటర్లు. ఖర్చు 26,400 రూపాయలు. రెండును గలిపిన 39,360 రూపాయలు.

కావున ఏడాదికి మిగులు 48,640 రూపాయలు. ఇది సామాన్యమైన మొత్తము కాదు. ఇచ్చటనే చాలమంది లెక్కను ఆపివేసి సంతసింతురు. కాని వెలలోని భేదము 12 లక్షలు. దానిని 48,640 చేత భాగించిన, ఇంచుమించు 24 సంవత్సరముల 8 నెలలు. పదవ తరగతి బాలునకు ఉద్యోగమై, వివాహమై, బిడ్డలు బడికి పోవువఱకును ఆ కారు నడచినగాని పెట్టుబడి తిరిగిరాదు!

ఇంతకంటె ముఖ్యమైనది వడ్డీ. 12 లక్షలకు నూటికి 9 వంతున ఏడాదికి 1,08,000 రూపాయలు వడ్డీ. అప్పు తెచ్చినచో ఈ సొమ్మును మనము చెల్లింపవలెను. సొంత సొమ్మైనచో బ్యాంకునుండి వచ్చెడి వడ్డీని పోగొట్టుకొనవలెను. పెట్రోలునందు మిగిలినదానికంటె వడ్డీ రెట్టింపునకు మించినది. పెట్రోలు లీటరు 150 రూపాయలైనను మిగులు 71,040 మాత్రమే యగును, వడ్డీకి చాలదు.

దీనినుండి ఒక సూత్రము తేలుచున్నది. ఏడాది మిగులును వడ్డీరేటుచే భాగింపుడు. 48,640 ని 0.09 చే భాగించిన సుమారు 5 లక్షల 40 వేలు. రెండు బండ్ల వెలలలోని భేదము ఈ మొత్తమునకు మించెనేని, ప్రియమైన బండి తన వడ్డీనైనను సంపాదింపజాలదు. అంతకు చాల తక్కువయైనచో ఆలోచింపదగినది. కారులకే గాక, సోలారు పలకలకును, నీటిమోటారులకును, కుట్టుమిషనులకును ఈ సూత్రమే వర్తించును.

ప్లగ్గులేని హైబ్రిడ్ సంగతియు చూతము. దాని వెల చిన్నకారుకంటె 5 లక్షలు ఎక్కువ యనియు, లీటరునకు 22 కిలోమీటర్లు నడచుననియు అనుకొన్నచో, 12,000 కిలోమీటర్లకు ఖర్చు 60,000, మిగులు 28,000. 5 లక్షలకు వడ్డీ 45,000. ఇదియు గిట్టదు. కాని అదే బండి ఏడాదికి 30,000 కిలోమీటర్లు తిరిగినచో మిగులు 70,000 అగును. వడ్డీపోను 25,000 చేతికి వచ్చును. ఎక్కువ తిరుగువానికి గిట్టుబాటైనది తక్కువ తిరుగువానికి నష్టము. కావున "ఏ కారు మంచిది?" అను ప్రశ్నకు ముందు "మీరెంత తిరుగుదురు?" అను ప్రశ్న నడుగవలెను.

3. కరెంటు సంగతి

కరెంటు యూనిట్ 9 రూపాయలని మేమేల గైకొంటిమి? మన రాష్ట్రమున గృహములకు కరెంటు ధర వాడుకనుబట్టి మెట్లుమెట్లుగా పెరుగును. 2022లో ప్రకటింపబడిన పట్టికలో మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1 రూపాయి 90 పైసలు కాగా, 226 నుండి 400 వఱకు 8 రూపాయల 75 పైసలు, 400 దాటిన పిదప 9 రూపాయల 75 పైసలు. కారునకు నెలకు 120 యూనిట్లు కావలెను. ఇంటి దీపములు, ఫ్యానులు, ఏ.సి.లు క్రింది మెట్ల నాక్రమించియుండగా, కారునకు పైమెట్టు ధరయే పడును. బిల్లు మొత్తమును యూనిట్లచే భాగించి సగటుధరను గైకొనుట ఇచ్చట తప్పు. కొత్తగా చేరిన యూనిట్లకు ఎంత ధర పడునో దానినే గైకొనవలెను.

మఱియు బ్యాటరీ నింపుటకు 15 ఆంపియర్ల ప్లగ్గును, చక్కని ఎర్తింగును కావలెను. 18 యూనిట్ల బ్యాటరీని 3 కిలోవాట్ల ప్లగ్గుతో నింపుటకు ఆఱు గంటలకు పైగా పట్టును. సొంత వాకిలి గలవారి కిది సులువు. అపార్టుమెంటులో నాల్గవ అంతస్తున నుండి, కారును సెల్లారునందు నిలుపుకొనువారికి సంఘమువారి యనుమతి, ప్రత్యేక మీటరు, తీగలు ఇవన్నియు కావలెను. నింపుట కష్టమైనచో మనుష్యుడు నింపుట మానివేయును. అప్పుడు ప్లగిన్ హైబ్రిడ్ రెండు మూడు వందల కిలోగ్రాముల బరువును ఊరక మోయు పెట్రోలు కారగును. ఇది మా యూహ మాత్రము కాదు. ఐరోపా కమిషనువారు 2021లో రిజిస్టరైన కార్లలోని మీటర్ల లెక్కలను సేకరించి 2024లో ప్రకటించిన నివేదికలో, ప్లగిన్ హైబ్రిడ్లు వీధులలో వెలువరించు బొగ్గుపులుసు వాయువు ప్రయోగశాల లెక్కకంటె సగటున మూడున్నర రెట్లున్నదని తేలెను. జనులు తలచినంతగా కరెంటుతో నడుపకుండుటయే దీనికి ముఖ్యకారణము.

4. పొగ సంగతి

కొందఱు, "ధనము పోయినను సరియే, గాలి శుభ్రమగును గదా" యందురు. ఇది గౌరవింపదగిన మాట. దీనినిగూడ లెక్కించి చూడవలెను. ఒక లీటరు పెట్రోలు మండినచో సుమారు 2.3 కిలోగ్రాముల బొగ్గుపులుసు వాయువు వెలువడును. మన దేశపు కరెంటులో అధికభాగము బొగ్గునుండి వచ్చునది గనుక, యూనిట్‌కు సుమారు 0.7 కిలోగ్రాము వెలువడుచున్నది. పై లెక్క ప్రకారము చిన్నకారు ఏడాదికి 1,840 కిలోగ్రాములు; ప్లగిన్ హైబ్రిడ్ కరెంటువలన 1,008, పెట్రోలువలన 552, వెరసి 1,560 కిలోగ్రాములు. తగ్గినమాట నిజమే, కాని తగ్గినది ఆఱవ వంతు కంటెను తక్కువ. బందరురోడ్డుమీద పొగ తగ్గును. ఇబ్రహీంపట్నముననున్న నార్ల తాతారావు థర్మల్ విద్యుత్కేంద్రపు పొగగొట్టముల యొద్ద కొంత పెరుగును. అయినను ఊరినడుమ పిల్లలు పీల్చు గాలి మెరుగగుట మేలే. సూర్యరశ్మినుండియు గాలినుండియు వచ్చు కరెంటు హెచ్చినకొలది ఈ లెక్క హైబ్రిడ్డునకు అనుకూలముగా మాఱును. కావున దీనిని పదేండ్ల కొకసారి తిరుగవ్రాయవలెను.

5. వాన, వఱద, నల్లరేగడి

మన డెల్టాలో కారు కొనువాడు నీటిని మఱువరాదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మొదలగు పేటలు దినములతరబడి నీటిలో నుండెను. ప్రకాశం బ్యారేజీ యొద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహము వచ్చెను. ఎన్నియో వాహనములు మునిగినవి.

ఇచ్చట రెండు భ్రమలు గలవు. మొదటిది: ఎస్.యు.వి. గనుక నీటిలో పోవచ్చునని. చిన్న ఎస్.యు.వి.ల యడుగుభాగము నేలకు సుమారు 200 మిల్లీమీటర్ల యెత్తున నుండును. అది గుంటలను దాటుటకే గాని యేఱు దాటుటకు గాదు. వీనిలో చాలవానికి ముందుచక్రములకే బలము చేరును. వానాకాలమున పొలముగట్లపై నల్లరేగడిలో దిగబడినచో ఆకారము లాగదు, ట్రాక్టరే లాగవలెను. రెండవ భ్రమ: విద్యుత్తు గల కారు నీటిలో మనుష్యులను చంపునని. ఆ బ్యాటరీలు నీరు చొరకుండ మూయబడియుండును. అయినను మునిగిన బండిని కంపెనీ నిపుణులు పరీక్షింపకమునుపు నడుపరాదు. నారింజరంగు తీగలను ఎవరును ముట్టరాదు.

ఏ కారైనను మునిగినచో తాళముత్రిప్పి చూడరాదు. యంత్రపు సిలిండర్లలోనికి నీరు చేరినచో, నీరు గాలివలె నణగదు గనుక లోపలి కడ్డీలు వంగిపోవును. అట్లు త్రిప్పుటవలన కలిగిన నష్టమును ఇన్సూరెన్సువారు నిరాకరింపవచ్చును. ఇంజనునకు ప్రత్యేకముగా చేర్చుకొనదగిన పాలసీ యొకటి గలదు. కొలదిపాటి సొమ్ముతో వచ్చునది. వెలగల బండికి నష్టము గూడ వెలగలదై యుండుననుట మఱువరాదు.

ఎండను గూడ తలచవలెను. మే నెలలో బెజవాడ యెండ 40 డిగ్రీలు దాటును. అధికమైన వేడి బ్యాటరీల యాయువును తగ్గించును. హైబ్రిడ్ బ్యాటరీలకు సాధారణముగా ఎనిమిదేండ్ల పూచీ యిత్తురు. ఆ పత్రమును సంతకమునకు ముందే చదువవలెను. ఇక మరమ్మతు: జవాహర్ ఆటోనగర్‌లో పెట్రోలు యంత్రమును విప్పి బిగింపగల మేస్త్రీలు వీధివీధినను గలరు. అధిక వోల్టేజి బ్యాటరీలను నేర్చినవారు ఇంకను కొలదిమందియే. మా విద్యార్థులలో చేతిపనియం దభిరుచి గలవారికి ఇది మంచి జీవనోపాధి యని యెఱుంగుదురుగాక.

6. తీర్పు

అట్లయిన అమెరికాలోని అన్నగారు తప్పు చెప్పెనా? లేదు. అతనికి ఇంటియందే గ్యారేజీయు, ప్లగ్గును గలవు. నిత్యము నలుబది మైళ్లలోపున నుద్యోగమునకు పోయివచ్చును. అచ్చట ఈ రెండు జాతుల వెలలలో భేదము మనదేశమునందువలె లేదు. అతని లెక్క అతనిచోట సరియైనదే. ఒక నేలలో పండిన విత్తనమును మఱియొక నేలలో చల్లునపుడు మన్ను పరీక్షింపవలెను గదా! తండ్రియు కేవలము చవుక యని తలచినచో అది సరికాదు. చవుకలో ప్రాణరక్షణము తగ్గరాదు. 2018లో టాటా నెక్సాన్ గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఐదు నక్షత్రములు పొంది, చవుకకారు గూడ దృఢముగా నుండవచ్చునని చూపెను. 2023 అక్టోబరు నుండి మన దేశమునకే భారత్ ఎన్‌క్యాప్ అను పరీక్ష యేర్పడినది. కొనువారు రంగుకంటె ముందు ఆ నక్షత్రముల నడుగవలెను.

మా తరగతి యీ లెక్కలన్నియు నల్లబల్లపై చేసి ముగించునప్పటికి రెండు పీరియడ్లు పట్టెను. ఆ బాలుడు కాగితమును జేబులో నుంచుకొని యింటికి పోయి, తండ్రికిని, ఫోనులో అన్నకును చదివి వినిపించెను. అన్న కొంతసేపు మాటలాడక, "తమ్ముడూ, వడ్డీ సంగతి నేను చూడలేదు" అనెనట. వారు ఐదు నక్షత్రముల చిన్న కారునే కొనిరి. బ్యాంకులోని సొమ్ము కదలలేదు. ఆ యక్కగారు ఈ యేడు ఇంజనీరింగు కళాశాలలో చేరి, విద్యుత్ శాఖనే యెన్నుకొనినది. రేపు ఆమెవంటివారు బ్యాటరీ వెలను తగ్గించినచో, ఈ పాఠములోని యంకెలు మాఱిపోవును. అట్లు మాఱవలెననియే మా కోరిక.

గోపురము కట్టదలచినవాడు మొదట తన సొమ్మును లెక్కచూచుకొనవలెనను నీతిని మన బైబిలు తరగతిలో వినియున్నాము. కారు కొనువానికిని అదియే నీతి.

అభ్యాసములు

1. ఒక టాక్సీ ఏడాదికి 40,000 కిలోమీటర్లు తిరుగును. దూరప్రయాణములగుటచే నూటికి 25 వంతులు మాత్రమే కరెంటుతో నడచును. పై ధరలనుబట్టి ప్లగిన్ హైబ్రిడ్‌వలన మిగులెంత? అది 12 లక్షల వడ్డీకి చాలునా? (జవాబు: సుమారు 1,10,333 రూపాయలు, వడ్డీపోను మిగులు 2,333 మాత్రమే.)

2. మీ యింటి కరెంటు బిల్లును తెచ్చి, నెలకు 120 యూనిట్లు అధికముగా వాడినచో ఏ మెట్టు ధర పడునో కనుగొనుడు.

3. మీ పేటలో 2024 వఱదనీరు ఎంత యెత్తునకు వచ్చెనో పెద్దల నడిగి, ఆ యెత్తును కారు యంత్రపు గాలిగొట్టము యెత్తుతో పోల్చి చూడుడు.